మాటను మోసిన తంత్రి: తుమానీ ద్యాబాతే తొలి ఆల్బమ్ ‘కైరా’ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పశ్చిమాఫ్రికాలోని మాండే సమాజాలలో వంశచరిత్రలను, ప్రశస్తులను గానం చేసే వృత్తి గాయకులను ‘జెలి’ అంటారు. ఫ్రెంచి భాష ద్వారా లోకానికి పరిచయమైన పేరు ‘గ్రియో’. జెలి వృత్తికి మూలధనం మాట. మాలి దేశానికి చెందిన జెలి తుమానీ ద్యాబాతే (1965–2024) 1988లో వెలువరించిన తొలి సొంత ఆల్బమ్ ‘కైరా’లో మాత్రం మాట లేదు. ఉన్నది ఒకే ఒక వాద్యం, కోరా. మాట వృత్తిగా గల కళాకారుడు మాటను విడిచినప్పుడు ఆ కళలో ఏది మిగులుతుంది, ఏది మరుగున పడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. వాద్య నిర్మాణం, వంశ నేపథ్యం, శీర్షిక బాణీ చరిత్ర, తుమానీ తరువాతి ఆల్బమ్‌ల ఆధారంగా ఈ పరిశీలన సాగుతుంది.

కీలక పదాలు: జెలి, గ్రియో, కోరా, మాండే సంగీతం, తుమానీ ద్యాబాతే, కైరా, మౌఖిక సంప్రదాయం.

1. ప్రవేశిక

1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీల ప్రతినిధులు సమావేశమై, ఆఫ్రికా, ఆసియా తదితర ప్రాంతాల సంగీతాన్ని దుకాణాలలో ఒకే చోట అమ్ముకోవడానికి వీలుగా ‘వరల్డ్ మ్యూజిక్’ అనే పేరును ఖాయం చేసుకున్నారు. ఆ మరుసటి ఏడాది జో బాయ్డ్ స్థాపించిన హానిబాల్ సంస్థ నుంచి ‘కైరా’ వెలువడింది. సంగీత పరిశోధకురాలు లూసీ డురాన్ దీని నిర్మాత. వాదకుడు అప్పటికి యువకుడు. ఒక గాయక బృందానికి కోరా సహకారం అందించడానికి ఐరోపాకు వచ్చి, కొన్ని నెలలపాటు లండన్‌లో ఉండిపోయిన కాలంలో ఈ రికార్డింగు జరిగింది. ఇందులో ‘అల్లా లా కే’, ‘జరాబీ’, ‘కైరా’, ‘కొంకోబా’, ‘తుబాకా’ అనే ఐదు బాణీలున్నాయి. గానం లేదు, పక్కవాద్యం లేదు, ఒక వాదనం మీద మరొక వాదనాన్ని చేర్చే స్టూడియో ప్రక్రియ కూడా లేదు.

ఈ ఆల్బమ్‌ను కోరా వాదనంలో ఒక మైలురాయిగా అందరూ అంగీకరిస్తారు. ఆ అంగీకారం చాలామేరకు దాని సౌందర్యం మీద, వాదకుడి నైపుణ్యం మీద ఆధారపడింది. సౌందర్యం నిజమే. అయితే అంతటితో ఆగిపోతే ఈ ఆల్బమ్ ఒక ప్రశాంతమైన తంత్రీవాద్య కచేరీగా మాత్రమే మిగిలిపోతుంది. జెలి సంప్రదాయానికీ, ఈ ఐదు బాణీలకూ ఉన్న సంబంధాన్ని విచారించినప్పుడే ‘కైరా’ సాధించినదీ, అందుకు చెల్లించిన మూల్యమూ రెండూ తెలుస్తాయి.

2. జెలి: మాటే వృత్తి

మాండే సమాజంలో జెలితనం జన్మతః వచ్చే వృత్తి. కుయాతే, ద్యాబాతే, సిసోకో వంటి ఇంటిపేర్లు వినగానే ఆ వ్యక్తి జెలి కుటుంబీకుడని అక్కడి శ్రోత గుర్తిస్తాడు. 13వ శతాబ్దిలో మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాతా గాథను తరతరాలుగా కాపాడింది వీరే. వివాహం, నామకరణం వంటి శుభకార్యాలలో వంశావళిని చదవడం, కుటుంబాల మధ్య వివాదాలు వచ్చినప్పుడు మధ్యవర్తిత్వం వహించడం, పోషకుడి పూర్వీకుల ఘనతను గుర్తుచేసి అతణ్ణి అదే బాటలో నడవమని ప్రేరేపించడం జెలి విధులు. ప్రశంస ఇక్కడ అలంకారం కాదు. పొగడ్త విన్నవాడు దానికి తగినట్టు నడుచుకోవలసిన బాధ్యతను నెత్తికెత్తుకుంటాడు.

తెలుగు పాఠకులకు ఆశ్రిత గాయక వర్గాల వ్యవస్థ అపరిచితం కాదు. గొల్లలకు మందహెచ్చులు, విశ్వబ్రాహ్మణులకు రుంజలు, మాదిగలకు డక్కలివారు వంశమూలాలను, కులపురాణాలను వినిపించే తీరు స్థూలంగా పోల్చదగినది. అయితే మన ఆశ్రిత వర్గాలలో ఒక్కొక్కటి సాధారణంగా ఒక్కొక్క కులాన్ని ఆశ్రయించి ఉంటుంది. జెలి కుటుంబాలు రాజవంశాలను, యోధులను, వ్యాపారులను, నేటి కాలంలో మంత్రులను, పారిశ్రామికవేత్తలను కూడా కీర్తిస్తాయి. జెలి కళ కొత్త పోషకుడిని వెతుక్కోగలదు. ఈ గుణమే ఆ కళను లండన్ స్టూడియో వరకు తీసుకువెళ్ళింది.

ఈ వ్యవస్థలో వాద్యం స్థానం గమనించదగినది. మాలిలో పెద్ద పేరు, పెద్ద సంభావన ఎక్కువగా జెలి స్త్రీలవి. పాడేది వారు, శ్రోతల పేర్లను సభలో ఎత్తేది వారు. పురుషులు కోరా, ఎన్‌గోని, బలాఫోన్ వంటి వాద్యాలతో ఆ గానానికి సహకరిస్తారు. తుమానీ తల్లి నెనే కోయితా గాయని. తుమానీ కూడా యువకుడిగా ఉన్నప్పుడు సుప్రసిద్ధ గాయని కాండియా కుయాతే బృందంలో కోరా వాయించాడు. అంటే ‘కైరా’ వాదకుడు మాటకు అనుసరణగా వాయించడం నేర్చిన మనిషి. ఆ మాటను తీసివేసి, అనుసరణను మాత్రమే మిగల్చడం అతడు చేసిన సాహసం.

3. కోరా: నిర్మాణం, వాదన విధానం

పెద్ద సొరబుర్రను సగానికి కోసి, దానికి ఆవుతోలు బిగించి, పొడవైన గట్టి కర్రను దాని గుండా దూర్చితే కోరా ఆకారం ఏర్పడుతుంది. మొత్తం 21 తంత్రులు. ఎడమవైపు 11, కుడివైపు 10 చొప్పున రెండు నిలువు వరుసలుగా, వీణలోని గుర్రం వంటి చెక్కకు ఇరుపక్కల అమరి ఉంటాయి. పూర్వం జింకతోలుతో పేనిన తంత్రులు వాడేవారు. తరువాత చేపలు పట్టే నైలాన్ దారం వాడుకలోకి వచ్చింది. కర్రకు చుట్టిన తోలు కంకణాలను పైకీ కిందికీ జరిపి శ్రుతి చేస్తారు. సుంజాతా గాథ పుట్టిన కాలంతో పోలిస్తే కోరా కొత్త వాద్యం. దాని పుట్టుకను ఇప్పటి గాంబియా, సెనెగల్, గినీ-బిస్సావు ప్రాంతాలలో విస్తరించిన కాబూ రాజ్యంతో ముడిపెడతారు. 1799లో అచ్చయిన యాత్రాగ్రంథంలో మంగో పార్క్ 18 తంత్రులు గల ఇటువంటి వాద్యాన్ని పేర్కొన్నాడు.

వాదకుడు వాద్యాన్ని తనకు ఎదురుగా నిలిపి, రెండు పిడులను మూడు వేళ్ళతో పట్టుకొని, మిగిలిన బొటనవేళ్ళతో, చూపుడువేళ్ళతో మాత్రమే మీటుతాడు. అంటే 21 తంత్రులకు నాలుగు వేళ్ళు. మెట్లు లేవు గనుక ఒక్కొక్క తంత్రి ఒక్క స్వరాన్నే పలుకుతుంది. వీణలోవలె తీగను లాగి గమకం పలికించే వీలు లేదు. కాబట్టి కోరాలో భావం స్వరాన్ని వంచడం వల్ల పుట్టదు. ఏ స్వరాన్ని ఎప్పుడు పలికించాలి, ఎంతసేపు మోగనివ్వాలి, ఎక్కడ వేలితో ఆపాలి అనే నిర్ణయాల వల్ల పుడుతుంది.

కోరా వాదనంలో రెండు ప్రధానాంశాలున్నాయి. మొదటిది ‘కుంబెంగో’, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగివచ్చే మూల ఆవర్తం. ఒక బాణీకి గుర్తు ఇదే. రెండవది ‘బిరిమింతింగో’, అంటే పై తంత్రుల నుంచి జలపాతంలా దిగివచ్చే వేగవంతమైన స్వరధార. గానం ఉన్నప్పుడు గాయని పాడుతున్నంతసేపూ కుంబెంగో సాగుతుంది. ఆమె ఊపిరి తీసుకునే విరామంలో బిరిమింతింగో దూసుకువస్తుంది. ఇవి కాక వాద్యాన్ని తట్టి లయను నిలిపే పద్ధతి కూడా ఉంది. సాధారణంగా ఆ పనిని పక్కన కూర్చున్న మరొకరు చేస్తారు.

4. తండ్రి రికార్డు, కొడుకు రికార్డు

తుమానీ తండ్రి సిదికీ ద్యాబాతే గాంబియాలోని బన్సాంగ్‌లో పుట్టి మాలిలో స్థిరపడిన కోరా విద్వాంసుడు. 1960 సెప్టెంబరు 22న మాలి స్వతంత్ర దేశమైన తరువాత ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ వాద్యబృందంలో ఆయన, నెనే కోయితా ఇద్దరూ సభ్యులు. కొత్త దేశం తన చరిత్రను తానే చెప్పుకోవాలనుకున్నప్పుడు రాజాస్థానాల స్థానంలో ప్రభుత్వమే జెలి పోషకురాలయింది. 1970లో సిదికీ, బతురు సెకు కుయాతే, జెలిమాది సిసోకో ప్రభృతులు కలిసి చేసిన ‘కోర్డ్ ఆన్సియెన్’ (ప్రాచీన తంత్రులు) అనే రికార్డు కోరాను గానం నుంచి వేరుచేసి వినిపించిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం. అనుసరణ వాద్యం ఏకాంతంగా వినదగినదని చాటింది ఆ రికార్డే.

కాబట్టి మాటను వదలడం తుమానీ ఆరంభించిన విప్లవం కాదు. తండ్రి వేసిన బాటలో అతడు మరో అడుగు వేశాడు. 1970లో పలువురు విద్వాంసులు కలిసి చేసిన పనిని 1988లో ఒక్కడే చేయడం ఆ అడుగు. తండ్రి తనకు ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పలేదనీ, ఇంట్లో వింటూ, రికార్డులు వింటూ తానే నేర్చుకున్నాననీ తుమానీ పలుమార్లు చెప్పుకున్నాడు. 71 తరాల జెలి వంశం తమదని చెప్పుకునే ఇంట్లో పుట్టినవాడికి విద్య పాఠంగా కాక వాతావరణంగా అందడం ఆశ్చర్యం కాదు. బాల్యంలో పోలియో సోకి కాలు దెబ్బతినడంతో కర్ర సాయంతో నడిచిన ఆ పిల్లవాడు 13వ ఏటనే సభలో వాయించాడు.

5. ‘కైరా’లోని వాదనం

ఒకే కోరా మీద మంద్ర స్వరాలను, మధ్య ఆవర్తాన్ని, పై స్వరధారను ఏకకాలంలో నడపడం తుమానీ శైలికి గుర్తు. ఆల్బమ్‌ను శ్రద్ధగా వింటే ఈ మూడు స్తరాలూ విడివిడిగా చెవికి అందుతాయి. బొటనవేళ్ళు నడిపే మంద్రం ఆగదు. దాని మీద కుంబెంగో తిరుగుతూ ఉంటుంది. పై తంత్రుల మీద చూపుడువేళ్ళు ఆ రెంటితో సంభాషిస్తూ ఉంటాయి. తొలిసారి వినేవారు ఇద్దరో ముగ్గురో వాయిస్తున్నారని భ్రమపడడం సహజం.

ఇది కేవలం నైపుణ్య ప్రదర్శన అయితే సర్కస్‌తో సమానం. ఈ మూడు స్తరాల విభజన జెలి సభ నిర్మాణాన్ని అనుకరిస్తున్నదని నా ప్రతిపాదన. మంద్రం సభకు ఆధారం. కుంబెంగో సహకార వాద్యం. పై స్వరధార గాయని గొంతు. సభలో గాయని ఒక చరణం పాడి ఆగి, శ్రోతల స్పందన కోసం చూసినట్టే ఇక్కడ కూడా స్వరధార దిగివచ్చి ఆగుతుంది. ఆవర్తం ఒంటరిగా ఒకటి రెండు సార్లు తిరుగుతుంది. మళ్ళీ స్వరధార మొదలవుతుంది. ఆ విరామాలలో మాట ఉండవలసిన చోటు ఖాళీగా వినిపిస్తుంది. తుమానీ ఆ ఖాళీని హడావుడిగా నింపడు. ఒంటరి వాదకుడు సభ మొత్తాన్ని నాలుగు వేళ్ళలో పెట్టుకున్నాడు.

బాణీల ఎంపిక కూడా ఇదే చెబుతుంది. ‘అల్లా లా కే’ అంటే దైవం చేసినది అని అర్థం. గాంబియా ప్రాంతపు కోరా సంప్రదాయంలో విద్యార్థులకు తొలినాళ్ళలోనే నేర్పే బాణీలలో ఇదొకటి. తొలి ఆల్బమ్‌ను తొలి పాఠంతో ఆరంభించడంలో ఔచిత్యం ఉంది. ‘జరాబీ’ మాండే ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న ప్రేమగీతం. ‘కొంకోబా’, ‘తుబాకా’ కూడా వారసత్వంగా వచ్చిన బాణీలే. ఐదింటిలో ఒక్కటీ తుమానీ కొత్తగా కల్పించినది కాదు. అతని కల్పన అంతా బాణీ లోపల జరిగింది. మాండే శ్రోతకు కుంబెంగో చెవినబడగానే దానితో ముడిపడిన సాహిత్యం మనసులో మెదులుతుంది. మనకు తెలిసిన కీర్తనను వేణువు మీద వింటున్నప్పుడు సాహిత్యం వెనుక నుంచి పలికినట్టే ఇది కూడా. ఆ శ్రోతకు ‘కైరా’ మాటలు లేని ఆల్బమ్ కాదు. మాటలు పైకి పలకని ఆల్బమ్ మాత్రమే.

6. శీర్షిక బాణీ: శాంతి అనే పదంలోని పోరాటం

‘కైరా’ పదానికి శాంతి, క్షేమం అని అర్థం. మాండింకా భాషలో పరస్పరం కుశలం అడిగేటప్పుడు వాడే మాట ఇది. ఆల్బమ్ పేరుగా దీనిని చూసిన విదేశీ శ్రోత ప్రశాంతతను ఊహించుకుంటాడు. వాద్యనాదం కూడా ఆ ఊహకు అనుకూలంగానే ఉంటుంది.

ఈ బాణీ చరిత్ర వేరు. 1940లలో ఇప్పటి మాలి ‘ఫ్రెంచి సూడాన్’ పేరుతో వలస పాలనలో ఉండేది. ఆ కాలంలో కితా పట్టణ పరిసరాలలో కైరా పేరుతో యువకుల సంఘమొకటి తలెత్తింది. సిదికీ ద్యాబాతే, ఆయన సహచరులైన జెలి వాదకులు దానికి సంగీతాన్నిచ్చారు. ఊరూరా తిరిగిన ఈ సంగీతం వలస పాలకుల ఆగ్రహానికి గురయింది. 1946లో ఆఫ్రికా ప్రజాస్వామ్య సమితి బమాకోలో ఆవిర్భవించి, వలస వ్యతిరేక రాజకీయాలు ఊపందుకుంటున్న కాలమది. ఫ్రెంచి పాలకుల అధికారానికి అండగా నిలిచిన స్థానిక పెద్దలను కీర్తించే పాత పాటలకు బదులు, యువకుల ఐక్యతను కీర్తించే కొత్త పాట కావలసివచ్చింది. అప్పుడు పుట్టినదే ‘కైరా’. శాంతి అనే పదం అక్కడ యథాస్థితికి పేరు కాదు. అణచివేత లేని కాలం కోసం పెట్టుకున్న కోరికకు పేరు.

తండ్రి యౌవనంలో పాలకులను కలవరపెట్టిన బాణీని కొడుకు తన తొలి ఆల్బమ్‌కు శీర్షికగా పెట్టుకోవడం కాకతాళీయం కాదు. జెలి తన పోషకుడి పూర్వీకుడిని కీర్తిస్తాడు. ఇక్కడ తుమానీ తన తండ్రినే కీర్తించాడు. అదీ ఒక్క మాట లేకుండా, ఒక పేరును అట్ట మీద నిలిపి, ఆ బాణీని వాయించి. ప్రశస్తి అనే ప్రక్రియ రికార్డు యుగంలో తీసుకున్న కొత్త రూపంగా దీనిని గుర్తించాలి.

7. చెల్లించిన మూల్యం

ఇంతవరకూ చెప్పినది ఆల్బమ్ సాధించినది. అందుకు చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కించాలి.

మొదటిది అర్థానికి సంబంధించినది. మాట లేకపోవడం వల్లనే ‘కైరా’ భాష అడ్డుగోడను దాటి లోకమంతా తిరగగలిగింది. అదే కారణం వల్ల దాని చరిత్ర బయటి శ్రోతకు వినబడకుండా పోయింది. సభలో జెలి స్వయంగా పలికే వంశకథ, పోరాటకథ రికార్డు అట్టలో అచ్చయ్యే వివరణకు తరలిపోతాయి. అట్టను చదవని శ్రోతకు అవి చేరవు. చదివిన శ్రోతకు కూడా అవి సంగీతంలో భాగంగా కాక పక్కన పెట్టిన సమాచారంగానే చేరతాయి. ‘వరల్డ్ మ్యూజిక్’ అనే అర ఏర్పడిన మరుసటి ఏటనే ఈ ఆల్బమ్ రావడం ఈ నష్టాన్ని మరింత పెంచింది. ఆ అరకు కావలసినది మనసుకు హాయినిచ్చే దూరదేశపు నాదం. వలస పాలకులను కలవరపెట్టిన పాట విశ్రాంతి వేళల్లో వినే సంగీతంగా మారడం ఇలాగే జరుగుతుంది.

రెండవది స్త్రీ గళానికి సంబంధించినది. మాలిలో జెలి స్త్రీల గానానికి మొదటి స్థానం, వాద్యానికి తరువాతి స్థానం అని పైన గమనించాం. విదేశీ విపణి ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. భాష తెలియని శ్రోతకు వాద్యం సులభంగా అందుతుంది, ప్రశస్తి గానం అందదు. ఫలితంగా కోరా వాదకుడు ప్రపంచ ప్రఖ్యాతుడైనంతగా, అతడు ఎవరికి సహకార వాద్యం వాయించాడో ఆ గాయని బయటి లోకానికి తెలియలేదు. ఇది తుమానీ దోషం కాదు. అయినా ‘కైరా’ విజయాన్ని అంచనా కట్టేటప్పుడు విస్మరించకూడని సంగతి.

8. తరువాతి ఆల్బమ్‌ల సాక్ష్యం

ఈ మూల్యం గురించి తుమానీకి ఎరుక ఉందా? అతని తరువాతి ప్రస్థానం ఉందనే చెబుతుంది. ‘కైరా’ బాణీని అతడు ఒక్కసారి వాయించి వదిలిపెట్టలేదు. 1999లో జెలిమాది సిసోకో కుమారుడు బల్లాకే సిసోకోతో చేసిన ‘న్యూ ఏన్షియంట్ స్ట్రింగ్స్’లో అది ‘కితా కైరా’ పేరుతో కనిపిస్తుంది. బాణీ పుట్టిన ఊరి పేరును ఈసారి శీర్షికలోనే చేర్చాడు. తండ్రుల 1970 నాటి రికార్డుకు కొడుకులు చేసిన ప్రణామం ఆ ఆల్బమ్. 2005లో అలీ ఫార్కా తురేతో చేసిన ‘ఇన్ ది హార్ట్ ఆఫ్ ది మూన్’లో కూడా ‘కైరా’ ఉంది. ఉత్తర మాలికి చెందిన, జెలి వంశీకుడు కాని గిటారు విద్వాంసుడితో కలిసి వాయించినప్పుడు ఈ బాణీ మరో పొత్తును సాధించింది. ఆ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం లభించింది.

2008లో, తొలి ఆల్బమ్ వచ్చిన 20 ఏళ్ళకు, తుమానీ మళ్ళీ ఒంటరిగా ‘ది మాండే వేరియేషన్స్’ వాయించాడు. 2014లో కుమారుడు సిదికీతో కలిసి చేసిన ఆల్బమ్‌లో బాణీల పేర్లు పరిశీలించదగినవి. కొన్నిటికి వ్యక్తుల పేర్లు, ఒకదానికి ఎరువుల పరిశ్రమ పేరు, ఒకదానికి తాతగారి జన్మస్థలమైన బన్సాంగ్ పేరు ఉన్నాయి. మాట లేని సంగీతంలో ప్రశస్తి అంతా శీర్షికలోకి చేరింది. అదే ఆల్బమ్‌లో ‘లాంపెదూసా’ అనే బాణీ ఉంది. 2013 అక్టోబరు 3న ఇటలీకి చెందిన ఆ ద్వీపం సమీపంలో వలసజీవుల పడవ మునిగి 360 మందికి పైగా మరణించారు. వారికి వంశచరిత్ర చదివేవారు లేరు. పోషకులు కాని, పేరు తెలియని మృతులకు జెలి కోరా మీద నివాళి అర్పించాడు. రాజులతో మొదలైన కళ ఇక్కడికి చేరింది. 1940ల నాటి ‘కైరా’లో ఉన్న సామాజిక స్పృహకు ఇది కొనసాగింపు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలివి. ‘కైరా’ జెలి సంప్రదాయాన్ని విడిచి ‘శుద్ధ సంగీతం’ వైపు వెళ్ళిన ఆల్బమ్ కాదు. గాయని, సహకారం, సభ అనే మూడింటినీ ఒక వాద్యంలో ఇముడ్చుకొని మాట బాధ్యతను తంత్రికి అప్పగించిన ఆల్బమ్. బాణీ తెలిసిన శ్రోతకు ఆ మాట వినిపిస్తుంది. తెలియని శ్రోతకు నాదం మాత్రమే దక్కుతుంది. ఈ తేడాను సంగీతం తనంతట తాను పూడ్చలేదు.

2024 జులైలో తుమానీ ద్యాబాతే మరణించాడు. జెలి మరణిస్తే అతడు పలికిన మాటలకు వారసులు కావాలి. మాట పలకని ఈ ఆల్బమ్‌కు వారసత్వం మరింత కఠినమైనది. నాదం రికార్డులో భద్రంగా ఉంది. కితా యువకుల పాట, బన్సాంగ్ నుంచి వచ్చిన తండ్రి, పాడిన తల్లి అందులో లేరు. వారిని గుర్తుపెట్టుకొని వినడం శ్రోత పని. విమర్శ ఆ పనికి సాయపడాలి. అలా విన్నప్పుడు ‘కైరా’ అనే పదంలోని శాంతి నిద్రపుచ్చే శాంతిగా వినిపించదు, పోరాడి కోరుకున్న శాంతిగా వినిపిస్తుంది.